రెండో రిపోర్టు

కోడిగుడ్డు మీద ఈకలు పీకుతోందని ఇంకెవరినైనా అంటే తిట్టు కింద లెక్క. ఈమె విషయంలో అది ఇంచుమించు ఉద్యోగం పేరు. గుడ్లు పొదిగించి కోడిపిల్లల్ని తీసే కంపెనీలో చీకటిగది అని ఒకటుంది. అందులో ఇరవై రెండేళ్లుగా, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదున్నర దాకా, గుడ్లను దీపం మీద పెట్టి లోపల ఏముందో చూడటం ఆమె పని. బల్లకు బదులు ఒక అద్దం, అద్దం కింద దీపాలు, వాటి మీదికి ఒక్కో ట్రేలో నూటయాభై గుడ్లు. పదిరోజులు మిషన్‌లో ఉన్న గుడ్డులో పిల్ల పడితే ఎర్రటి నరాలు కనిపిస్తాయి. పడకపోతే గుడ్డు తేటగా, ఖాళీగా వెలుగుతుంది. పడి చచ్చిపోతే నెత్తుటి గీత గుండ్రంగా తేలుతుంది. ఖాళీవీ చచ్చినవీ ఏరి పక్కన పెట్టాలి. ఒక్కటి వదిలేసినా అది లోపల కుళ్లి, పగిలి, చుట్టుపక్కల పిల్లలన్నిటినీ పాడుచేస్తుంది.

ఈ గదిలో ఒక రివాజు ఉంది. సూపర్‌వైజరు నెలకోసారి, ఏ రోజో చెప్పకుండా, అప్పటికే చూసి ఏరిన మంచి గుడ్ల మధ్య ఎనిమిది ఖాళీ గుడ్లు కలిపి పంపిస్తాడు. వాటి అడుగున పెన్సిల్‌తో చిన్న చుక్క ఉంటుంది. చూసేవాళ్ల కళ్లు నిజంగా పనిచేస్తున్నాయా లేదా అని తెలుసుకోవడానికి. వాటిని దొంగగుడ్లు అంటారు. ఆమె ఈ ఇరవై రెండేళ్లలో ఒక్క దొంగగుడ్డునూ వదల్లేదు. ఒకసారైతే, “ఎనిమిది కాదు సార్, తొమ్మిది పెట్టారు. తొమ్మిదోదానికి చుక్క పెట్టడం మర్చిపోయారు” అని సూపర్‌వైజరు ముందే తీసి చూపించింది. ఆ రోజు నుంచి ఆమె పేరు ఎక్స్‌రే. చిన్నవాళ్లు మర్యాదగా ఎక్స్‌రే అక్క అంటారు. అసలు పేరు జీతం పుస్తకంలో ఉంది, చాలదూ.

చీకటిగదిలో కళ్లకు పట్టిన అలవాటు ఇంటికొచ్చాక వదిలిపెట్టి రమ్మంటే ఎలా వస్తుంది. పాలు కొంటే వాసన చూస్తుంది. మాత్రల అట్ట కొంటే అక్కడే కౌంటరు దగ్గర నిలబడి ఒక్కో మాత్రా వేలితో నొక్కి లెక్కపెడుతుంది. భర్త ఒక పెద్ద ఆఫీసులో లిఫ్టు నడుపుతాడు. రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉండే మనిషి, ఇంటికొచ్చి కదలకుండా కూర్చోవడమే ఆయనకు సుఖం. పది నిమిషాలు ఆలస్యమైతే “లిఫ్టు ఇరుక్కుంది” అంటాడు. ఆమె ఒకసారి ఆ ఆఫీసు వాచ్‌మన్ దగ్గరికి వెళ్లి, లిఫ్టు నిజంగానే ఇరుక్కుందా అని కూపీ లాగి వచ్చింది. నిజంగానే ఇరుక్కుంది. అయినా ఇరుక్కున్నప్పుడు లోపల ఇంకెవరున్నారో వాచ్‌మన్ సరిగ్గా చెప్పలేదని ఆమెకు ఇప్పటికీ ఒక సందేహం.

ఈ లోకంలో ఆమె అనుమానించని మనిషి ఒక్కతే, చెల్లెలు. తల్లి పోయేనాటికి ఈమెకు పదిహేడు, దానికి ఆరు. జడ వేసింది, జ్వరమొస్తే ఒళ్లో పెట్టుకుంది, పలక మీద అక్షరాలు దిద్దించింది. అది ఇప్పుడు ఉత్తరాలు పంచే ఉద్యోగం చేస్తోంది. సైకిలు, దాని ముందు సంచి, రోజుకు మూడొందల గుమ్మాలు. పెళ్లి మాటెత్తితే నవ్వి సైకిలెక్కి వెళ్లిపోయేది. ఉండటం అక్కా బావల మేడమీద గదిలోనే. ఎండలో తిరిగితే ముఖం మాడిపోతుందనీ, లేనిపోని జబ్బులొస్తాయనీ అక్క మొదటి రోజే హుకుం జారీ చేసింది. పొడుగు చేతుల చొక్కా, చేతులకు తొడుగులు, ముక్కుదాకా చుట్టుకున్న గుడ్డ, నల్లద్దాలు, టోపీ. ఆ ముఖం గుడ్డలు అక్కే మిషన్ మీద కుట్టింది, వారానికి ఆరు. చెల్లెలు వీధిలో వస్తుంటే కుక్కలు కూడా ఇది ఎవరా అని రెండుసార్లు చూసేవి. పదహారేళ్లుగా అది అలాగే తిరుగుతోంది. అక్క చెప్పిన మాటకు ఎదురు చెప్పడం దానికి చేతకాదు.

ఇక అసలు గొడవకొద్దాం. చీకటిగదిలోకి వెళ్లాలంటే ముందు స్నానం చేయాలి, ఒంటి మీది బట్టలన్నీ విప్పి కంపెనీ బట్టలు వేసుకోవాలి. బయటి క్రిమి ఒక్కటి లోపలికొస్తే వేలాది పిల్లలు పోతాయని భయం. అది న్యాయమే. అన్యాయం ఎక్కడుందంటే, ఒంటికి వెళ్లే గది స్నానాల గదికి ఇవతల, బయటి వైపుంది. మధ్యలో ఒకసారి వెళ్లాలంటే బట్టలు మార్చాలి, వెళ్లాలి, మళ్లీ తల తడుపుకుని స్నానం చేయాలి, మళ్లీ కంపెనీ బట్టలేసుకుని లోపలికి రావాలి. ఇదంతా ముప్పావుగంట పని. ఈ లోపల ట్రేలు ఆగిపోతాయి, సూపర్‌వైజరు గడియారం చూస్తాడు. అందుకని చీకటిగది ఆడవాళ్లంతా ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. నీళ్లే తాగరు. ఎక్స్‌రే అక్క అయితే పొద్దున టీ తాగాక ఇంటికొచ్చేదాకా చుక్క ముట్టదు. పైగా అదొక గొప్పగా చెప్పుకునేది.

అలాంటి మనిషికి ఏడాదిలో నాలుగుసార్లు మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చాయి. మొదటిసారి నీళ్ల ట్యాంకును అనుమానించింది. మనిషిని పిలిపించి ట్యాంకు కడిగించి, లోపలికి తనే తల పెట్టి చూసింది. రెండోసారి కంపెనీలో ఒంటికి వెళ్లే గదిని కడిగే ఆవిడ మీద పడింది. ఆవిడ నిజంగా కడుగుతోందా, నీళ్లు చల్లి వెళ్లిపోతోందా అని ఒక మూలన సున్నంతో గీత గీసి మర్నాడు చూసింది. గీత లేదు. ఆవిడ కడుగుతోంది. మూడోసారి పక్క బల్ల ఆవిడను అనుమానించింది. ఇద్దరూ పద్దెనిమిదేళ్లుగా పక్కపక్కనే కూర్చున్నవాళ్లు. “నువ్వు వెళ్లొచ్చాకే నాకిలా అవుతోంది” అని నలుగురి ముందు అనేసింది. పక్క బల్ల ఆవిడ ఏడ్చి, వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆవిడకూ అదే మంట, చెప్పుకోవడానికి సిగ్గుపడి ఊరుకుంది. ఆ గదిలో ఏడుగురు ఆడవాళ్లుంటే అయిదుగురికి ఉంది. అది తెలిసినా ఆమె మనసు కుదుటపడలేదు. అయిదుగురికీ ఒకేసారి ఎవరు అంటించారన్నది కొత్త అనుమానం.

నాలుగోసారి జ్వరం తగ్గాక భర్త బలవంతం మీద డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. డాక్టరమ్మ మూత్రం పరీక్షతోపాటు రక్తపరీక్ష కూడా రాసింది. రిపోర్టు వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగింది.

“ఎండలో ఎంతసేపుంటారమ్మా రోజుకి?”

“నేనా? ఎండ ఎందుకండీ. తెల్లారీ తెల్లారకముందే బస్సెక్కుతా, వచ్చేసరికి సాయంత్రమవుతుంది.”

“విటమిన్ డి తొమ్మిదుంది మీకు. కనీసం ముప్పై దాకా ఉండాలి.”

“దానికీ దీనికీ ఏంటండీ సంబంధం? మంట ఎక్కడ, ఎండ ఎక్కడ?”

డాక్టరమ్మ ఓపికున్న మనిషి. కాగితం మీద గుండ్రంగా ఒక బొమ్మ గీసింది. “మూత్రాశయం లోపల ఒక పొర ఉంటుంది. క్రిముల్ని చంపే మందు ఆ పొర తనే తయారుచేసుకుంటుంది. దానికి ఈ డి సాయపడుతుందని అంటున్నారు. డి బాగా తక్కువున్న ఆడవాళ్లలో ఇలా మళ్లీ మళ్లీ రావడం ఎక్కువగా కనపడుతోంది. అలాగని ఇదే కారణమని నేను చెప్పనమ్మా, ఇంకా పూర్తిగా తేలలేదు. మీ విషయంలో అసలు గొడవ నీళ్లు తాగకపోవడం, ఆపుకోవడం. అది మానాలి. కానీ తొమ్మిదంటే ఎముకలకైనా మంచిది కాదు. వారానికొక గోళీ, ఎనిమిది వారాలు వేసుకోండి. తర్వాత మళ్లీ రక్తం చూద్దాం.”

ఇంత మాటలో ఎక్స్‌రే అక్క చెవికి ఒక్కటే పట్టింది. తేలలేదు. తేలనిదానికి మందెందుకు? గది నాలుగు మూలలా చూసింది. బల్ల మీద కలం మీద ఏదో మందుల కంపెనీ పేరుంది. గోడకున్న క్యాలెండరు మీద కూడా అదే పేరు. రక్తం తీసే ల్యాబు అదే మేడలో కింద అంతస్తులో ఉంది. మూడు నరాలూ ఆమెకు ఒకే చోట కలిసినట్టు కనిపించాయి. బయటికొచ్చి భర్తతో, “చెవిలో పువ్వు పెడుతున్నారండీ. కింద ల్యాబువాడు తక్కువని రాస్తాడు, పైన ఈవిడ మందు రాస్తుంది, మధ్యలో కంపెనీవాడు కలాలు పంచుతాడు” అంది.

“నిజంగా తక్కువుందేమోనే” అన్నాడు ఆయన.

“మీరు లిఫ్టు చూసుకోండి.”

గోళీలు మాత్రం కొంది. కొనకపోతే డాక్టరమ్మకు తెలిసిపోతుందని భయం. కొని, లెక్కపెట్టి, ఎనిమిదీ ఉన్నాయని నిర్ధారణ చేసుకుని, డబ్బాలో పెట్టి, ఒక్కటీ మింగలేదు. నీళ్లు మాత్రం కాస్త తాగడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం ఒకసారి బయటికి వెళ్లొస్తానని సూపర్‌వైజరుతో గట్టిగా చెప్పింది. అతను నోరెత్తలేదు. ఎక్స్‌రేతో పెట్టుకునే ధైర్యం అతనికి తొమ్మిదో గుడ్డునాడే పోయింది. మంట రావడం తగ్గింది. చూశారా, గోళీ మింగకుండానే తగ్గింది అని ఆమె లోలోపల మురిసిపోయింది. తగ్గినందుకు సంతోషించాలా, డాక్టరమ్మ అబద్ధం బయటపడిందని సంతోషించాలా అంటే, రెండోదానికే ఎక్కువ సంతోషించింది. ఆమె స్వభావం అంతే, ఏం చేస్తాం.

ఎనిమిది వారాలయ్యాక రెండో పరీక్షకు చీటీ ఉంది. అప్పుడే ఆమె బుర్రలో ఆ ఆలోచన మెరిసింది. సూపర్‌వైజరు చీకటిగదిలో చేసేది తను ల్యాబులో చేస్తే? అతను మంచివాటి మధ్య చెడ్డది కలుపుతాడు. తను చెడ్డదాని పేరు మీద మంచిది పంపుతుంది. అనుమానం లేని రక్తం, ఎండలో తడిసిన రక్తం, తన పేరు రాసిన గొట్టంలో వెళ్లాలి. దానిక్కూడా తక్కువని రాశారో, దొంగలు దొరికినట్టే.

అలాంటి రక్తం ఎవరిది? రోజుకు ఏడుగంటలు రోడ్ల మీద సైకిలు తొక్కే మనిషి ఇంట్లోనే ఉంటే వేరే వెతకడమెందుకు.

“నా చీటీ పట్టుకెళ్లి నువ్వు రక్తమిచ్చిరా” అంది చెల్లెలితో, ఆదివారం మేడమీద బట్టలారేస్తూ.

“నీ పేరు మీదా? తప్పు కాదా అక్కా?”

“తప్పు వాళ్లది. మనం పట్టుకుంటున్నాం అంతే. పేరడిగితే నా పేరు చెప్పు. వయసడిగితే నలభై తొమ్మిదను.”

“నాకు నలభై తొమ్మిదున్నట్టు కనపడతానా?”

“ఆ గుడ్డ విప్పకు, కనపడవు.”

ఇద్దరూ నవ్వుకున్నారు. చెల్లెలు సోమవారం పనికి వెళ్తూ దారిలో రక్తమిచ్చి వెళ్లింది. ల్యాబులో ఎవరూ తలెత్తి చూడలేదు. చీటీ చూశారు, సూది గుచ్చారు, తర్వాతివాళ్లను పిలిచారు.

రెండో రిపోర్టు బుధవారం వచ్చింది. ఎనిమిది.

ఎక్స్‌రే అక్క ఆ కాగితాన్ని వాకిట్లోనే నిలబడి మూడుసార్లు చదివింది. తన రక్తానికి తొమ్మిది. పొద్దస్తమానం ఎండలో తిరిగే దానికి ఎనిమిదట. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి. మర్నాడు చీకటిగదిలో, ట్రేలు రాకముందు, అందరినీ దగ్గరికి పిలిచి చెప్పింది. ముఖాలు కనపడవు కానీ అందరూ చెవులప్పగించి వింటున్నారని తెలుస్తోంది. “వచ్చినవాళ్లందరికీ ఎనిమిదో తొమ్మిదో వేసి పంపిస్తున్నారు. మీలో ఎవరికైనా ఆ గోళీలు రాశారా?” ఇద్దరు అవునన్నారు. “మింగకండి” అంది. పక్క బల్ల ఆవిడ ఒక్కతే, “ఏమోనే, నాకు వేసుకున్నాక నడుం నొప్పి తగ్గింది” అని గొణిగింది. దానికి ఎక్స్‌రే అక్క, “నీకు గాలి మారినా తగ్గుతుంది” అని నోరు మూయించింది.

ఇరవై రెండేళ్ల అనుభవంలో ఆమెకు తెలిసిన మొట్టమొదటి సూత్రం ఒకటుంది. ట్రేలో కలిపే గుడ్డును సూపర్‌వైజరు ముందు తనే దీపం మీద పెట్టి చూసుకుంటాడు. అది ఏమిటో తనకు తెలియకుండా ఎవరినీ పరీక్షించలేడు. ఆ సూత్రాన్ని పక్కవాళ్లకు నేర్పింది ఆమే. చెల్లెలి విషయంలో మాత్రం అది గుర్తు రాలేదు. చెల్లెల్ని దీపం మీద పెట్టి చూడటమేమిటి, అది తన చేతుల్లో పెరిగింది కదా.

గుర్తు రావడానికి ఒక అవకాశం వచ్చింది కూడా. ఆ రాత్రి భోజనాల దగ్గర చెల్లెలు రిపోర్టు చేతిలోకి తీసుకుని చూసింది.

“అక్కా, నాకు నిజంగానే తక్కువుందేమో.”

“నీకా? పిచ్చిదానా. నీకు ఎండ తక్కువైతే ఇంకెవరికుంటుంది?”

“ఈ మధ్య కాళ్లు పీకేస్తున్నాయి. మెట్లెక్కుతుంటే తొడలు లాగేస్తున్నాయి.”

“సైకిలు తొక్కితే లాగవా మరి. గొలుసుకు నూనె వేయించు.”

“అదొక్కటే కాదు...” అని చెల్లెలు బావగారి వైపు చూసి ఆగిపోయింది. ఆయన ఎదురుగా కూర్చుని తింటున్నాడు. ఆడవాళ్లు చెప్పుకునే మాట ఏదో ఉంది, ఆయనుండగా చెప్పలేదు. ఆయన చేయి కడుక్కోవడానికి లేచేసరికి అక్క మళ్లీ ల్యాబువాళ్ల బండారం గురించి ఎత్తుకుంది. చెల్లెలు వింటూ కూర్చుంది. కాసేపటికి మేడమీదికి వెళ్లిపోయింది.

పది రోజుల తర్వాత డాక్టరమ్మ ఫోన్ చేయించింది. ల్యాబు రిపోర్టులు నేరుగా ఆవిడ ఫైలులోకి వెళ్తాయి. ఎక్స్‌రే అక్క వెళ్లి కూర్చుంటే ఆవిడ నుదురు చిట్లించి ఉంది.

“గోళీలు వేసుకున్నారా అమ్మా?”

“వేసుకున్నానండీ. ఎనిమిదీ.”

“ఎనిమిది వారాలు మింగినా పెరగలేదంటే, పైగా ఒకటి తగ్గిందంటే, ఒంటికి పట్టడం లేదన్నమాట. పేగుల్లో ఏదైనా ఉందేమో చూడాలి. గొట్టం వేసి చూసే పరీక్ష ఒకటి రాస్తున్నాను.”

ఎక్స్‌రే అక్క లోపల పకపకా నవ్వింది. గోళీ దాటి గొట్టం దాకా వచ్చారు. ఇంకో రెండుసార్లొస్తే ఆపరేషన్ అంటారు. “అలాగేనండీ” అని చీటీ మడిచి జాకెట్‌లో పెట్టుకుంది. మెట్లు దిగుతూ, ఈ చీటీని ఎవరికి చూపిస్తే వీళ్ల పప్పులుడకకుండా పోతాయా అని ఆలోచించింది. డాక్టరమ్మ ముఖంలో దిగులు నిజంగానే ఉందన్న సంగతి ఆమె చూసింది. చూసి, బాగా నటిస్తోంది అనుకుంది.

ఆ తర్వాతి గురువారం మధ్యాహ్నం, చీకటిగది తలుపు అవతలి నుంచి సూపర్‌వైజరు ఆమెను పిలిచాడు. ఆ వేళప్పుడు తలుపు తీయడం ఎప్పుడూ జరగదు. “మీ ఆయన ఫోన్ చేశాడు. మీ చెల్లెలు సైకిలు మీద నుంచి పడిపోయిందట. ఆసుపత్రిలో ఉంది” అన్నాడు. ఎక్స్‌రే అక్క చేతిలో గుడ్డుంది. దాన్ని ట్రేలో పెట్టిందో, పక్కన పెట్టిందో ఆమెకు తెలియదు. బట్టలు మార్చుకుని పరుగెత్తింది.

దారి పొడుగునా ఆమె బుర్ర పాత పనే చేసింది. ఎవరు గుద్దారు? ఏ బండి? ఎవరో కావాలని తోశారా? సైకిలు బ్రేకులు బాగుచేసినవాడు సరిగ్గా చేశాడా? ఆసుపత్రి గుమ్మంలో నిలబడ్డ భర్తను, “ఎవరండీ గుద్దింది?” అనే అడిగింది.

“ఎవరూ గుద్దలేదు. ఒక ఇంటి ముందు సైకిలాపి, ఉత్తరమిచ్చి, అక్కడే కూలిపోయింది. నూట నాలుగు జ్వరం. చలికి పళ్లు టకటకలాడుతున్నాయట. ఆ ఇంటావిడే తీసుకొచ్చింది.”

లోపల మంచం మీద చెల్లెలు పక్కకు తిరిగి ముడుచుకుని పడుకుంది. నర్సు చేతి తొడుగులు లాగేసి, చొక్కా చేయి భుజందాకా మడిచి, సూది పెట్టింది. ఆ చేయి మణికట్టు నుంచి భుజందాకా ఒకే తెలుపు. పదహారేళ్లుగా వెలుతురు తగలని తెలుపు. ఎక్స్‌రే అక్క ఆ చేతినే చూస్తూ నిలబడిపోయింది. చంటిపిల్లప్పుడు స్నానం చేయించిన చేయి. ఇన్నేళ్లలో మళ్లీ ఎప్పుడూ చూడలేదు. ఎండలో తిరిగే రక్తం అని తను దేన్ని చూసి అనుకుందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేదు. దాని సైకిల్ని చూసి అనుకుంది, అంతే.

డాక్టరమ్మ వచ్చింది. అదే డాక్టరమ్మ, ఈ ఆసుపత్రిలోనూ చూస్తుంది. రిపోర్టులు చూసి, నడుం మీద ఎడమ పక్కన మెల్లగా తట్టి చూసింది. చెల్లెలు కెవ్వుమంది.

“మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ కిడ్నీదాకా పాకింది. రక్తంలోకి కూడా వెళ్లుంటుందని అనుమానం. ఎన్నాళ్ల నుంచి మంట ఉందమ్మా?”

“మూడు నెలలండీ.”

“మూడు నెలలా? ఎవరికీ చెప్పలేదా?”

చెల్లెలు అక్క వైపు చూడలేదు. “పనిలో ఎక్కడా ఒంటికి వెళ్లే వీలుండదండీ. ఎవరింట్లో అడుగుతాం. నీళ్లు తాగడం మానేశాను. అదే తగ్గుతుందనుకున్నా.”

“ఇదివరకెప్పుడైనా పరీక్షలు చేయించుకున్నావా? మూత్రం, రక్తం, విటమిన్ డి, ఏదైనా?”

“లేదండీ” అంది చెల్లెలు, వెంటనే, గట్టిగా. జ్వరంలో కూడా అక్క పరువు కాపాడుతోంది.

ఎక్స్‌రే అక్కకు అక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలియదు. తెలిస్తే తప్పుడు పేరుతో రక్తమిప్పించిన మనిషిగా ఈ ఆసుపత్రిలో మొహం చూపించలేదు. చీకటిగదిలో ఆ మాట పొక్కితే ఆడవాళ్లు ఏమంటారో కూడా ఆమెకు తెలుసు. కానీ మంచం మీద ఉన్నది చెల్లెలు. డాక్టరమ్మ రాసుకునే కాగితంలో ఒక అబద్ధం పడుతుంటే ఆమె చూస్తూ ఊరుకోలేకపోయింది.

“చేయించిందండీ” అంది. “నా ఫైలులో ఉన్న రెండో రిపోర్టు నాది కాదు. దీనిది. నా పేరు మీద నేనే పంపించాను. మిమ్మల్ని పట్టుకుందామని. గోళీలు కూడా నేను మింగలేదు.”

“అక్కా, వద్దే” అంది చెల్లెలు మంచం మీద నుంచి.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. కోపం వస్తే బాగుండేది. రాలేదు. ఆవిడ మామూలు గొంతుతోనే చెప్పింది.

“ఆ ఎనిమిది ఈ అమ్మాయిదని తెలిసుంటే పిలిపించేదాన్ని. డి తక్కువైనందుకే ఇదంతా వచ్చిందని ఇప్పటికీ అనను. కానీ పిలిపించి, కూర్చోబెట్టి, నాలుగు ప్రశ్నలు అడిగేదాన్ని. మంట ఉందా అన్నది అందులో మొదటిది. అప్పుడైతే అయిదు రోజుల మాత్రలతో పోయేది. నేను మీ పేగుల గురించి వెతుకుతూ కూర్చున్నాను.”

“ఇప్పుడు?”

“మందు ఎక్కిస్తున్నాం. ఎడమ కిడ్నీ బాగా వాచింది. లొంగుతుందో లేదో రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది.” వెళ్తూ వెళ్తూ ఆగి, “మీ పని దగ్గర ఇంకెవరికైనా మందులు మానమని చెప్పారా?” అని అడిగింది. ఎక్స్‌రే అక్క తలూపింది. “వెళ్లి చెప్పండి మరి, వేసుకోమని” అని ఆవిడ వెళ్లిపోయింది.

భర్త మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్లాడు. గదిలో అక్కాచెల్లెళ్లిద్దరే మిగిలారు. ఎక్స్‌రే అక్క మంచం పక్కన ఇనుప స్టూలు మీద కూర్చుంది. చెల్లెలి చేయి పట్టుకుందామంటే సూదులున్నాయి. పాదాలు పట్టుకుంది. పెనంలా కాలిపోతున్నాయి.

“నన్ను తిట్టవే” అంది.

“ఎందుకు తిట్టడం?”

“ఆ రోజు అన్నం తినేటప్పుడు ఏదో చెప్పబోయావు. బావ ఉన్నారని ఆగావు. ఇదేనా?”

చెల్లెలు అవునన్నట్టు కళ్లు మూసి తెరిచింది.

“తర్వాతైనా చెప్పొచ్చు కదే. నేను వింటే వెంటనే తీసుకొచ్చేదాన్ని కదా.”

చెల్లెలు మళ్లీ కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకుని ఎక్స్‌రే అక్క దుప్పటి సర్దబోయింది. అప్పుడు చెల్లెలు కళ్లు తెరవకుండానే, మెల్లగా, నింద ఏమీ లేకుండా అంది.

“కాళ్లు పీకుతున్నాయని చెప్పానక్కా. వేరేవాళ్లు చెప్పుంటే, అబద్ధమేమోనని వెంటపడి, అడిగి, తవ్వి తీసేదానివి. నన్నొక్కదాన్నే కదా నువ్వు అనుమానించనిది.”